ఎడమపక్క గుండీలు

స్టూడియో వెనక మైదానంలో వేసిన చైనా ఊరి సెట్టులో ఒక బావి ఉండేది. దాని ఊసెత్తితే సినిమాల్లో పనిచేసే మా చైనావాళ్ళు మాట మార్చేసేవాళ్ళు.

బావి అంటే నిజం బావి కాదు. చెక్కలు కొట్టి, పైన సున్నం మెత్తి, రాతికట్టులాగా రంగు వేశారు. లోపల మనిషి లోతు గొయ్యి. అందులో ఏనాడూ చుక్క నీరు లేదు. పైన కప్పీ మాత్రం నిజమైనదే, చాంతాడు నిజమైనదే, కొయ్య చేద కూడా నిజమైనదే.

అయినా సరే... చీకటి పడ్డాక ఆ కప్పీ తిరుగుతుందనేవాళ్ళు. కిర్రు... కిర్రుమని. ఎవరో నీళ్ళు తోడుతున్నట్టు — ఆగి ఆగి, ఆయాసపడుతూ, లేని నీళ్ళు తోడుతున్నట్టు.

దానికా చెడ్డపేరు ఊరికే రాలేదు. లాన్ అని, గారడీలు చేసుకునే ఇంటి పిల్ల, అంతకు ముందొక సినిమాలో హీరోయిన్‌కి బదులుగా ఆ బావిలోకి దూకింది. బాగానే పడింది. డైరెక్టరు కంటికి ఆనలేదు, మళ్ళీ అన్నాడు. మళ్ళీ దూకింది. ఇంకోసారి అన్నాడు. ఈసారి అడుగున పరిచిన పరుపు పక్కకు జరిగి ఉందని ఎవరూ చూసుకోలేదు... మెడ విరిగింది.

నాకు రోత పుట్టించింది ఆ చావు ఒక్కటే కాదు. ఆ ఆఖరిసారి దూకిందే బాగా వచ్చిందని సినిమాలో దాన్నే ఉంచేశారు. హాల్లో జనం చప్పట్లు కొట్టారు. హీరోయిన్ ఎంత ధైర్యంగా దూకిందో అని పత్రికలు రాశాయి. లాన్ వాళ్ళమ్మ ఆ పత్రికలో చేప చుట్టుకుని ఇంటికి తెచ్చుకుంది, చదవడం రాదు గనక.

కాబట్టి ఆ కప్పీ తిరుగుతుందంటే మాలో ఎవరూ నవ్వేవాళ్ళు కాదు. తిరగదా మరి?

ఇప్పుడు చెప్పబోయేది ఫ్లోరా అక్క నాకు చెప్పింది. అక్క అబద్ధాలాడే మనిషి కాదు. తెర మీద ఆడేవి చాలవా అనేది.

ఫ్లోరా లోక్ అంటే అప్పట్లో తెలియనివాళ్ళు లేరు. పుట్టింది ఇక్కడే, లాస్ ఏంజిలిస్‌లో, రైల్వే స్టేషను కోసం ఇప్పుడు కూలగొడుతున్న మా పాత పేటలో. ఇంట్లో పేరు ఫా. ఇంగ్లీషు మాట్లాడితే బళ్ళో పంతులమ్మ మాట్లాడినట్టుండేది. తెర మీద ఆ ఇంగ్లీషు ఎవరికీ అక్కర్లేదు. ముక్కలు ముక్కలు చేసి, నాలుక మడతపడ్డట్టు మాట్లాడాలి. ఆఖర్న చావాలి.

అక్క చావని సినిమా లేదు. విషం తాగి చచ్చింది, ఓడ మీంచి దూకి చచ్చింది, సొంత తండ్రి చేతిలో కత్తిపోటు తిని చచ్చింది. ఎక్కువసార్లు హీరోకి తగలాల్సిన గుండు తనకు తగిలించుకుని చచ్చేది. వాడు ఒక్క క్షణం టోపీ తీసి తల వంచి, ఆ తర్వాత ఎవరో బంగారుజుట్టు పిల్లని పెళ్ళి చేసుకుని ఓడెక్కేవాడు.

"నీకు తద్దినాలు పెట్టాలంటే పంచాంగం చాలదే, ఫా," అనేవాడు క్వాన్ బాబాయ్.

క్వాన్ బాబాయ్ ఒకప్పుడు మా నాటకాల కంపెనీలో రాజు వేషాలు కట్టినవాడు. సినిమాల్లో ఇస్త్రీవాడు, వంటవాడు, హంతకుడు. "ముగ్గురూ నేనే. టోపీ మారుస్తారంతే," అనేవాడు. నవ్వకుండా అనేవాడు కాబట్టి మేం నవ్వేవాళ్ళం.

అక్కకు మిగతావన్నీ అలవాటైపోయాయిగానీ, వాళ్ళమ్మ సంగతి మాత్రం లోపల కోసేది. ఆవిడను నేను పెద్దమ్మ అనేదాన్ని. పెద్దమ్మ కూతురి సినిమా ఒక్కటీ చివరిదాకా చూడలేదు. కన్నతల్లి బిడ్డ చావు కళ్ళారా చూడకూడదని ఆవిడ పట్టింపు. తెర మీద అక్కకు చావు దగ్గర పడుతున్నట్టు కనిపెట్టగానే లేచి బయటికెళ్ళి వీధి దీపం కింద నిలబడేది. సినిమా వదిలాక అక్క బయటికొస్తే —

"చచ్చావా?"

"చచ్చానమ్మా."

"పద. గంజి చల్లారిపోతుంది."

ఒక్కటంటే ఒక్క సినిమా. అమ్మ లేవకుండా కూర్చుని చివరిదాకా చూడగలిగేది. అక్క కోరుకున్నది అంతే, ఇంకేం లేదు.

అలాంటి వేషం నిజంగానే వచ్చింది. కరువు పట్టిన ఊళ్ళో ఒక విధవరాలు తన చేతులతో బావి తవ్వే కథ. అత్త తిడుతుంది, ఊరు నవ్వుతుంది, ఒక్కడు మాత్రం తోడు నిలబడి ఆమెను పెళ్ళాడతాడు. బావిలో నీళ్ళు పడతాయి. ఆమె చావదు. ముసలిదై, మనవలకు నీళ్ళు తోడి పోస్తుంటే సినిమా అయిపోతుంది.

"బతుకుతుందా?" అంది పెద్దమ్మ నమ్మకుండా.

"ముసలిదవుతుందమ్మా," అంది అక్క. "మనవలు కూడాను."

పెద్దమ్మ లేచి వెళ్ళి ట్రంకుపెట్టె తెరిచింది. తన పెళ్ళినాటి పట్టు అంగీ తీసింది. స్క్రీన్ టెస్టుకు స్టూడియోవాళ్ళ గుడ్డలు వద్దు, ఇది కట్టుకో అంది. తానే తొడిగింది. ఎడమ అంచును రొమ్ము మీదుగా లాగి, కుడిపక్కన ముడిగుండీలు ఒక్కొక్కటే పెట్టింది. చిన్నప్పుడు మా అందరికీ అమ్మలు చెప్పిన మాటే మళ్ళీ చెప్పింది.

"కుడిపక్క. ఎప్పుడూ కుడిపక్కే. ఎడమపక్క మూసే రోజు ఒకటుంటుంది. ఆ రోజు నీ చేత్తో నువ్వు మూసుకోనక్కర్లేదు, పక్కవాళ్ళు మూస్తారు."

మాలో అంతే. ఊపిరి ఉన్నన్నాళ్ళూ అంగీ కుడిపక్కకే మూస్తాం. శవాన్ని పెట్టెలో పడుకోబెట్టేటప్పుడు మాత్రం ఎడమపక్కకు మూస్తారు. పసిపిల్లకు పొరపాటున అటు తొడిగితే ముసలివాళ్ళు పరుగెత్తుకొచ్చి లాగేసేవాళ్ళు.

టెస్టు బ్రహ్మాండంగా జరిగింది. అక్క ఆ ఉత్తుత్తి బావి గట్టున కూర్చుని, చేదలోకి చూస్తూ ఒక్క మాట లేకుండా ఏడిస్తే, దీపాలు పట్టుకునేవాళ్ళు కూడా గొంతు సవరించుకున్నారు. డైరెక్టరు క్రాండల్ వచ్చి భుజం తట్టాడు. అంగీ ఇక్కడే ఉంచమ్మా, కాస్ట్యూమ్స్‌వాళ్ళు నమూనాగా చూసుకుంటారు అన్నాడు. అంతకన్నా మంచి శకునం ఏముంటుంది? మేం పేటలో పంది మాంసపు బన్నులు తెప్పించుకుని తిన్నాం.

తర్వాత తెలిసింది. వేషం లెనోర్ ఆష్‌బీకి ఇచ్చారు.

లెనోర్ ఆష్‌బీ బంగారుజుట్టు తార. తెర మీద ఎన్నో ఓడలెక్కిన పిల్ల. హీరో కూడా తెల్లవాడే, పసుపురంగు పూసుకుని చైనావాడు అవుతాడు. పసుపురంగు పూసుకున్న తెల్లవాడిని నిజంగా ఆ రంగుతో పుట్టిన ఆడది ముద్దు పెట్టుకోకూడదట. రూలు ఉందట. తెర మీద ఇద్దరూ చైనావాళ్ళే కదా అంటే, కాదట, రంగు కింద ఎవరున్నారో చూడాలట.

"ముద్దులో రంగు ఊడి చేతికొస్తుందని భయమేమో," అన్నాడు క్వాన్ బాబాయ్.

నాకు మాత్రం నవ్వు రాలేదు. మా ఒంటి రంగు మేకప్ గదిలో డబ్బాల్లో దొరుకుతుంది. మూత తీసి, వేలితో ముంచి, మెడదాకా రాసుకుని, సాయంత్రం సబ్బు పెట్టి కడిగేసుకుని ఇంటికెళ్తారు. మేం కడుక్కుంటే పోదు గనక మాకు పని లేదు.

అక్కకు అదే కథలో, అదే ఇంట్లో ఇంకో వేషం ఇచ్చారు. చచ్చిన మొగుడి చిన్నపెళ్ళాం. నీళ్ళు దొంగతనం చేస్తుంది. అత్త బావిలోకి తోసేస్తుంది.

ఇంటికెళ్ళి ఆ ముక్క చెప్పేసరికి పెద్దమ్మ బియ్యం కడుగుతోంది. తల ఎత్తలేదు.

"చచ్చేదేనా?"

"చచ్చేదేనమ్మా."

పెద్దమ్మ కడిగిన నీళ్ళు వంచేసింది. "నా అంగీ తెచ్చి నా పెట్టెలో పెట్టు. వాళ్ళ దగ్గర ఉంచకు."

అలా ఆ రాత్రి అక్క స్టూడియోకి వెళ్ళింది. పొద్దుటిదాకా ఆగమన్నా ఆగే మనిషి కాదు. కడుపు మండిపోతున్నప్పుడు అసలే ఆగదు.

గేటు దగ్గర కాపలా ముసలాయన అక్కను ఎరుగున్నవాడే. లోపలికి వదిలాడుగానీ గొంతు తగ్గించి చెప్పాడు.

"ఆ బావి వైపు పోకమ్మా. రోడ్డు మీదుగా చుట్టూ తిరిగి పో. నిన్న కూడా... మోగింది."

అక్క చుట్టూ తిరిగే వెళ్ళింది. ఊరి సెట్టుకు అవతల కాస్ట్యూమ్స్ షెడ్డు. తాళం లేదు. లోపల వరసగా వేలాడుతున్న బట్టలు, మనుషుల్లేని భుజాల్లాగా. తన అంగీ బల్ల మీద పరిచి ఉంది.

దాని మీద సుద్దగీతలు గీశారు.

కుడిపక్క గుండీల మీద అడ్డంగా కొట్టేసినట్టు గీతలు. ఎడమపక్కన కొత్తగా చుక్కలు. ఎందుకు గీశారో అక్కకు బోధపడలేదు. దులిపి, చంకలో పెట్టుకుని బయటికొచ్చింది.

షెడ్డు బయట కాపలాకుక్క ఒకటి రోడ్డుకు అడ్డంగా పడుకుని ఉంది. కుక్కలంటే అక్కకు చచ్చే భయం. దెయ్యం మీద నమ్మకం సగమే, కుక్క మీద మాత్రం పూర్తి. ఊరి మధ్యగా నడిచింది.

అట్ట గోడలు. గుమ్మాలున్నాయి, వెనక ఇళ్ళు లేవు. గాలికి ఒక కాగితపు లాంతరు ఊగుతోంది. తన చెప్పుల చప్పుడు తప్ప ఏమీ లేదు.

అప్పుడు వినపడింది.

కిర్రు...

ఆగింది. అక్క కూడా ఆగింది.

కిర్రు... కిర్రు...

ఎవరో బరువుగా ఊపిరి తీశారు. చాంతాడు చేతిలోంచి జారినట్టు సర్రుమంది. చేద అడుగుకు తగిలి డొల్లగా మోగింది. నీళ్ళు లేని మోత.

లాన్... అనుకుంది అక్క. పేరు మాత్రం పైకి అనలేదు. అలాంటి చోట పేరు పెట్టి పిలవకూడదు.

వెనక్కి తిరిగితే కుక్క. ముందుకెళ్తే బావి. గోడనానుకుని మెల్లగా నాలుగడుగులు వేసి, మూల తిరిగి చూసింది.

బావి గట్టున ఒక ఆడమనిషి నిలబడి ఉంది. తెల్ల అంగీ. తెల్ల తలగుడ్డ. మా విధవరాళ్ళు కట్టే తెలుపు. ఎత్తుగా ఉంది, మొహం వాడిపోయిన చేమంతి రంగులో ఉంది. కళ్ళు... కళ్ళను ఎవరో కణతల వైపు లాగి పట్టుకున్నట్టున్నాయి. ఆ కళ్ళ నుంచి జిగటగా ఏదో కారుతోంది.

అదీ భయపెట్టలేదట అక్కను. ఏడుపు మొహాలు చాలా చూసింది.

వెన్నెట్లో అంగీ గుండీలు మెరిశాయి. ఒక్కొక్కటిగా, మెడ నుంచి నడుం దాకా...

ఎడమపక్కన.

అక్క కాళ్ళు కదల్లేదు. కుడి అంచు మీదకొచ్చి, ఎడమపక్కకు మూసి ఉంది. తన చేత్తో తాను అలా మూసుకునే మనిషి మాలో ఉండదు. అలా మూయాలంటే నువ్వు పడుకుని ఉండాలి. పక్కవాళ్ళు మూయాలి.

అక్క చంకలోని అంగీని గుండెకు హత్తుకుని, చిన్నప్పుడు అమ్మమ్మ నేర్పినట్టు మా చైనా మాటలో గొణిగింది. "తల్లీ, నీ దారి నీది, నా దారి నాది. నిన్ను దూకమన్నది నేను కాదు. ఆకలేస్తే చెప్పు, రేపు అన్నం తెచ్చి పెడతాను. నా జోలికి రాకు."

ఆ మనిషి తల తిప్పింది.

నోరు తెరిచింది. గొంతు గరగరలాడింది.

"వాన... రాలేదు," అంది ఇంగ్లీషులో. "నేను... ఆడది... చాలా చెడ్డ అదృష్టం. నేను... బావి... తవ్వు."

అక్కకు భయం ఎటు పోయిందో తెలియదు. దాని చోట రోత పైకి తన్నుకొచ్చింది.

చైనా దెయ్యం చైనా మాట మాట్లాడుతుంది. ఇక్కడ పుట్టి పోయినదైతే మంచి ఇంగ్లీషు మాట్లాడుతుంది. ఇలా ముక్కలు ముక్కలుగా మాట్లాడేది భూమి మీద ఒక్కచోటే ఉంది — స్టూడియోవాళ్ళు మాకు రాసిచ్చే డైలాగుల్లో.

"మిస్ ఆష్‌బీ," అంది అక్క.

"అమ్మయ్య, మనిషివేనా?" అంది ఆ శవం, మామూలు గొంతుతో. "నేను దడుచుకుని చచ్చాననుకో. నువ్వు ఫ్లోరా లోక్‌వి కదూ?"

లెనోర్ ఆష్‌బీ గట్టు మీద కూలబడింది. అరచేతులు చూపించింది, చాంతాడుకు ఒరుసుకుపోయి ఎర్రగా ఉన్నాయి. నీళ్ళు తోడడం రావట్లేదని క్రాండల్ అందరి ముందూ వెక్కిరించాడట. అందుకని వారం నుంచి రోజూ రాత్రి ఎవరూ లేనప్పుడు వచ్చి ఇలా తోడుకుంటోందట. కనురెప్పల మీద రబ్బరు ముక్కలు జిగురుతో అంటించారు. అవి తీసే మేకప్ మనిషి పొద్దున గానీ రాడు. తీసి మళ్ళీ అంటించాలంటే చర్మం లేచిపోతుందని వాటితోనే పడుకోమన్నాడు.

"నిద్ర పట్టదు. కళ్ళు పూర్తిగా మూతపడవు," అంది. "ఈ వేషం నేను అడగలేదు తెలుసా? వద్దంటే జీతం ఆపేసి ఇంట్లో కూర్చోబెడతారు. నిరుడు అలాగే కూర్చోబెట్టారు."

అక్కకు జాలేసింది. అది మాత్రం దాచకుండా చెప్పింది నాకు. జిగురూ కన్నీరూ కలిసి చెంపల మీద పసుపురంగును చారలు చారలుగా కోసేస్తున్నాయి. ఎవరి కన్నీరైనా ఉప్పగానే ఉంటుంది కదే అంది.

"నన్ను చూసి అలా కొయ్యబారిపోయావేం?" అంది లెనోర్. "నాలో ఏదో తప్పుంది. నీ మొహంలో కనపడింది. చెప్పు, నిజం చెప్పు. ఇక్కడ నాకు ఎవరూ నిజం చెప్పరు."

అక్క చూపు గుండీల మీదికి పోయింది.

"ఇవా?" అంది లెనోర్, మెడ దగ్గర తడుముకుంటూ. "అవును, మొదట అటువైపు కుట్టారట. కాస్ట్యూమ్స్ ఆవిడ చూసి, ఎవడో చైనా దర్జీ మగవాళ్ళ చొక్కాలా తలకిందులు చేశాడని పట్టుకుంది. ఆడవాళ్ళ జాకెట్టుకు గుండీలు ఇటే కదా ఉంటాయి. అన్నీ విప్పించి ఇటు వేయించింది. నా అత్త వేషం కట్టే ఆవిడవి కూడా. నమూనా అంగీ ఒకటుందట, రేపు దాన్ని కూడా సరిచేస్తారట. ఎంత శ్రద్ధో చూడు."

సుద్దగీతలు. అక్కకు అప్పుడు బోధపడింది. అమ్మ పెళ్ళినాటి అంగీ. ఇంకొక్క రాత్రి ఆగి ఉంటే దాన్ని శవం బట్ట చేసి ఇచ్చేవాళ్ళు, శ్రద్ధగా.

అయినా చెప్పేద్దామనే నోరు తెరిచిందట. ఒట్టేసి చెప్పింది నాకు. 'మిస్ ఆష్‌బీ, మాలో' అనేదాకా వచ్చింది మాట...

"క్రాండల్ నీ టెస్టు నాకు చూపించాడు," అంది లెనోర్ మధ్యలో అడ్డొచ్చి. ప్రేమగానే అంది. "నాకు ఏడుపొచ్చింది. నువ్వే చేస్తే బాగుండేది అన్నాను కూడా. కాదన్నాడు. నీ మొహం తెర మీద సరిగ్గా చైనాదానిలా లేదట. నాది ఉందట. విచిత్రం కదూ?"

గాలికి చేద గట్టుకు తగిలి ఒకసారి టక్కుమంది.

అక్క నోరు మూసుకుంది. దగ్గరికెళ్ళి, లెనోర్ అంగీ అంచును చేత్తో చదును చేసింది. ఎడమపక్క జారిపోయిన గుండీ ఒకటి మళ్ళీ పెట్టింది, పక్కవాళ్ళు పెట్టినట్టు.

"ఏ తప్పూ లేదమ్మా," అంది పంతులమ్మ ఇంగ్లీషులో. "నీకోసం కొలిచి కుట్టినట్టుంది. ఎవరేం చెప్పినా మార్చకు."

తర్వాత షూటింగులో నేనూ ఉన్నాను, ఊరి జనంలో ఒకతెగా. మా బట్టలు మేమే తెచ్చుకోమన్నారు కాబట్టి మా గుండీలకు ప్రమాదం తప్పింది. లెనోర్ ఆష్‌బీ తెల్ల అంగీలో గుమ్మం దాటి బయటికి రాగానే, ఎవరూ చెప్పకుండానే మా వరసంతా ఒక అడుగు వెనక్కి వేసింది.

"చూశారా," అన్నాడు క్రాండల్ పక్కవాడితో మురిసిపోతూ. "ఆమె నటన చూసి ఎలా చలించిపోయారో. అలాగే ఉంచండి, అది బాగుంది."

మాకు చైనా పద్ధతులు చెప్పడానికి ఒకాయన్ను పెట్టారు. పాదిరీ గారి కొడుకు, చిన్నప్పుడు షాంఘైలో ఉన్నాడట. ఆయన రోజంతా మేం అన్నం తినే పుల్లలు సరిగ్గా పట్టుకుంటున్నామో లేదో చూసి దిద్దేవాడు. నేను పుట్టినప్పటి నుంచి వాటితోనే తింటున్నాను. ఆయన నా వేళ్ళు విడదీసి మళ్ళీ పెట్టాడు. గుండీల వైపు చూడనేలేదు.

నా పక్కనున్న పిన్ని ఒకావిడ అంది. "పిల్లా, ఎవరైనా చెప్పండే. అలా తిరగకూడదు. అరిష్టం."

"ఎవరికి?" అన్నాడు క్వాన్ బాబాయ్.

పిన్ని ఆలోచించింది. ఆలోచించి ఊరుకుంది. అంతమందిమి ఉన్నాం, ఒక్కరూ నోరు విప్పలేదు. లెనోర్ మా మధ్యగా నడుస్తూ బాగున్నానా అని ఆడవాళ్ళను అడిగేది. చాలా బాగున్నారమ్మా అనేవాళ్ళం, కొంచెం దూరం జరిగి.

అక్క మాత్రం తన వేషానికి అమ్మ అంగీయే కట్టింది. చిన్నపెళ్ళాం సోకులాడి కాబట్టి పట్టు ఉండాలన్నారు, ఒప్పుకున్నారు. పొద్దున ఇంటి నుంచి తొడుక్కుని వచ్చేది, రాత్రి తొడుక్కునే వెళ్ళేది. కాస్ట్యూమ్స్ ఆవిడ చేతికి ఇస్తే ఒట్టు.

సినిమా ఊరూరా ఆడింది. జనం రుమాళ్ళు తడుపుకున్నారు. లెనోర్ ఆష్‌బీ చైనా ఆడదాని ఆత్మను పట్టుకుందని ఒక పత్రిక రాసింది.

"ఆత్మే మరి," అన్నాడు క్వాన్ బాబాయ్. "ఒళ్ళు ఎప్పుడో పోయిందిగా."

కొన్నాళ్ళకు మా పేట దగ్గర హాలుకు వచ్చింది. ఆ రోజు పెద్దమ్మ కూడా వచ్చింది. ఎప్పటిలాగే మధ్యలో లేచి వెళ్ళడానికి వీలుగా చివరి కుర్చీలో కూర్చుంది. ఆమె పక్కన అక్క, ఆ పక్కన నేను.

దీపాలు ఆర్పారు. మబ్బుల్లేని ఆకాశం చూపించారు. బీటలు వారిన నేల చూపించారు. తలుపు తెరుచుకుని తెల్ల అంగీ మనిషి బయటికి వచ్చింది — తెరంత పెద్దదిగా, గుండీలన్నీ ఎడమపక్కన.

నా ముందు వరసలో ఒక ముసలావిడ మనవడి కళ్ళు చేత్తో మూసేసింది. ఎవరో నేల మీద తుపుక్కున ఉమ్మేశారు.

"పూడ్చడం మర్చిపోయారా?" అందొక గొంతు చీకట్లో.

అంతే, నవ్వులు మొదలయ్యాయి. నవ్వులంటే సంతోషంతో వచ్చినవి కావు. కుళ్ళిన చేప మూట విప్పినప్పుడు మొహం తిప్పుకుని నవ్వుతామే, అలాంటివి. తెర మీద శవం పొయ్యి రాజేసింది. శవం అన్నం వండింది. అత్త శవం వచ్చి కోడలి శవాన్ని తిట్టింది. పసుపురంగు పూసుకున్న మొగుడు వచ్చి, శవాన్ని పట్టుకుని ముద్దు పెట్టుకున్నాడు. ఆడవాళ్ళు ఛీ ఛీ అంటూ చేతిరుమాళ్ళు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. ఈ ముద్దు కోసమే కదా అక్కను వద్దన్నది.

తర్వాత అక్క సీను వచ్చింది. చీకట్లో చిన్నపెళ్ళాం బావి దగ్గరికి నడిచి వస్తుంది. పట్టు అంగీ, కుడిపక్క గుండీలు. హాల్లో నవ్వులు ఆగిపోయాయి. చేద దించుతుంది. వెనక నుంచి అత్త వస్తుంది.

పెద్దమ్మ కుర్చీ కదిలిన చప్పుడైంది. అక్క తల తిప్పలేదు. ఆ చప్పుడు ఆమెకు అలవాటే.

తెర మీద చేతులు వీపుకు ఆనాయి. తోశాయి. అదే బావి. లాన్ పడ్డ బావి.

అక్క అప్పుడు పక్కకు చూసింది. పెద్దమ్మ బయటికి వెళ్ళలేదు. సగం లేచినదల్లా అలాగే వంగి, తెర వైపు చూస్తోంది. కూతురి మొహం కాదు, గుండీలు చూస్తోంది. తర్వాత అత్త గుండీలు చూసింది. పరుగెత్తుకొచ్చిన కోడలి గుండీలు చూసింది.

"అమ్మా," అంది అక్క మెల్లగా. "నేను చచ్చిపోతున్నాను. వెళ్ళవా?"

పెద్దమ్మ తిరిగి కూర్చుంది.

"ఎక్కడ చచ్చావు?" అంది, హాలంతా వినపడేలా. "శవాలు తోస్తే మనిషి చస్తుందా? ఆ ఇంట్లో ప్రాణంతో ఉన్నదానివి నువ్వొక్కదానివే. ఊరికే కూర్చో. చివరిదాకా చూద్దాం."

చూసింది. అక్క చెయ్యి పట్టుకుని, రెప్ప వెయ్యకుండా చూసింది. బావిలో నీళ్ళు పడ్డాయి. సంగీతం హోరెత్తింది. తెల్ల అంగీ శవం ముసలిదై, గట్టున కూర్చుని, నీళ్ళు తోడి, మనవలను ఒక్కొక్కరినే దగ్గరికి పిలిచి దోసిట్లో పోసింది — అదే కిర్రు కిర్రు చప్పుడుతో. మా హాల్లో తల్లులంతా ఒక్కసారే చేతులు చాచి తమ పిల్లల నోళ్ళు మూశారు.